ఆర్కిడ్‌... వేరుకి ఊపిరాడాలి!

పెళ్లిరోజుకో గృహప్రవేశానికో బహుమతిగా ఇంటికి వస్తుంది. నెలా రెండు నెలలపాటు పూలు వాడకుండా నిలబడి, చూసినవాళ్లందరిచేతా 'ఎంత బాగుందో!' అనిపించుకుంటుంది. ఆ తర్వాతే కథ అడ్డం తిరుగుతుంది. పూలు రాలిపోతాయి. ఆకులు వడిలిపోతాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబెడు పోస్తారు. కొన్నాళ్లకి ఖాళీ కుండీ మిగులుతుంది. ఇళ్లలో ఆర్కిడ్‌ చనిపోవడానికి చాలాసార్లు కారణం నిర్లక్ష్యం కాదు... అతిప్రేమ. ఆ ప్రేమకి ముందుగా బలయ్యేవి వేళ్లు. వాటి అవసరం ఏమిటో తెలుసుకుంటే ఒకసారి కొన్న మొక్క ఏళ్ల తరబడి పూస్తుంది.

మట్టి మొక్క కాదు

గులాబీకైనా మందారానికైనా మనకు తెలిసిన పద్ధతి ఒకటే. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి కుండీ నింపుతాం. మొక్కను నాటి మొదట్లో గట్టిగా అదుముతాం. రోజూ నీళ్లు పోస్తాం. కడియం నుంచి తెచ్చుకున్న మొక్కలన్నీ ఇలాగే కదా పెరుగుతున్నాయి, ఆర్కిడ్‌ మాత్రం ఎందుకు పెరగదు అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

మనం ఇళ్లలో పెంచుకునే ఆర్కిడ్లలో ఎక్కువ రకాలకు మట్టితో పనేలేదు. అడవిలో అవి చెట్టు బెరడునో కొండరాతినో పట్టుకుని పెరుగుతాయి. వేళ్లు గాల్లో వేలాడుతుంటాయి. వాన కురిస్తే తడుస్తాయి, గాలి వీస్తే ఆరతాయి. తడవడం, ఆరడం... ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి జరగడమే వాటికి ఆరోగ్యం. ప్రపంచంలో 25 వేలకు పైగా ఆర్కిడ్‌ జాతులున్నాయి. ఒక్క మనదేశంలోనే 1,200కు పైగా ఉన్నాయి. వాటిలో సగానికిపైగా ఇలా చెట్లమీద బతికేవే.

తెలుగు పల్లెల్లో చెట్టు కొమ్మమీద మరో మొక్క కనిపిస్తే 'బదనిక' అనేస్తారు. మన అడవుల్లో పెరిగే ఒక రకం వాండా ఆర్కిడ్‌కీ ఆ పేరుంది. అయితే అసలు బదనిక చెట్టులోకి వేరు దించి దాని సారాన్ని పీల్చుకుంటుంది. ఆర్కిడ్‌ అలాంటిది కాదు. చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే. తిండీ నీళ్లూ గాల్లోంచీ వానలోంచీ బెరడు పగుళ్లలో చేరిన ఆకుల చెత్తలోంచీ సంపాదించుకుంటుంది. అలాంటి మొక్కని తీసుకొచ్చి బంకమట్టిలో పాతిపెడితే ఏమవుతుంది? వేళ్లకి గాలాడదు. అంతే సంగతులు!

స్పంజి తొడుక్కున్న వేరు

ఆర్కిడ్‌ వేరు మిగతా మొక్కల వేళ్లలా సన్నగా ఉండదు. లావుగా, నున్నగా, తెల్లటి తాడులా ఉంటుంది. పైన కనిపించే ఆ తెల్లటి పొర పేరు వెలామెన్‌. అది జీవంలేని కణాలతో ఏర్పడిన స్పంజిలాంటి తొడుగు. వాన చినుకు తగిలిందంటే గబగబా పీల్చుకుని లోపలి వేరుకి అందిస్తుంది. ఎండలో ఆ వేరు ఎండిపోకుండా కాపాడుతుంది. బెరడుని గట్టిగా పట్టుకోవడానికీ సాయపడుతుంది.

ఈ తొడుగు పొడిగా ఉన్నప్పుడు దాని కణాల నిండా గాలి ఉంటుంది. అందుకే వేరు వెండిరంగులో కనిపిస్తుంది. నీళ్లు పోయగానే గాలి ఉన్న చోట నీరు చేరి తొడుగు అద్దంలా మారుతుంది. దాంతో లోపల ఉన్న పచ్చదనం బయటికి కనిపిస్తుంది. అవును, ఆర్కిడ్‌ వేళ్లలోనూ ఆకుల్లో ఉన్నట్లే పత్రహరితం ఉంటుంది. వెలుతురు తగిలితే అవీ కాస్తో కూస్తో ఆహారం తయారుచేసుకుంటాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో, క్యూబాలో పెరిగే దెయ్యపు ఆర్కిడ్‌కి అసలు ఆకులే ఉండవు. చెట్టుకి అల్లుకున్న పచ్చటి వేళ్లే దానికి ఆకుల పని కూడా చేసిపెడతాయి.

ఇంత పనిచేసే వేరుకి ఊపిరి కావాలి. అంటే ప్రాణవాయువు అందాలి. స్పంజి ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటే గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. లోపలి కణాలు చనిపోతాయి. చచ్చిన వేరుమీద బూజూ బ్యాక్టీరియా చేరతాయి. కుళ్లు పక్క వేళ్లకి పాకుతుంది. ఒక్కసారి కుళ్లిన వేరు మళ్లీ బతకదు.

ఆకు ముడతపడితే...

ఇక్కడే చాలామంది పొరబడతారు. నీళ్లు తక్కువైతే ఆర్కిడ్‌ ఆకులు ముడతపడి మెత్తబడతాయి. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా సరిగ్గా అలాగే అవుతాయి. ఎందుకంటే కుండీ నిండా తడి ఉన్నా, దాన్ని పీల్చి ఆకులకి పంపే వేరు లేదు. నీళ్ల మధ్యనే ఉండి మొక్క దాహంతో అలమటిస్తుందన్నమాట. అది తెలియక మరిన్ని నీళ్లు పోస్తే మిగిలిన రెండు వేళ్లూ పోతాయి.

కాబట్టి ఆకు వాడితే ముందు చూడాల్సింది వేళ్లని. పారదర్శకమైన ప్లాస్టిక్‌ కుండీ అయితే బయటినుంచే కనిపిస్తాయి. మామూలు కుండీ అయితే మొక్కను మెల్లగా పైకి తీసి చూడాలి. ఒకటి రెండు నిమిషాలు బయట ఉన్నంతమాత్రాన ఏమీ కాదు.

* వేరు గట్టిగా ఉండి, పొడిగా ఉన్నప్పుడు వెండిరంగులోనూ తడిస్తే పచ్చగానూ కనిపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్లే. కొసలు నిగనిగలాడుతూ ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటే ఇంకా పెరుగుతోందని అర్థం.

* గోధుమరంగులోకి మారి, నొక్కితే మెత్తగా నీరు కారితే కుళ్లినట్లు. పట్టుకుని లాగితే పై తొడుగు ఊడొచ్చి సన్నటి నార మిగులుతుంది.

* కాగితం గొట్టంలా బోలుగా, పెళుసుగా ఉంటే ఎండి చనిపోయినట్లు.

* వేరు బాగానే ఉండి కొస మాత్రం నల్లగా మాడితే ఎరువు ఎక్కువైందనో నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉందనో అనుమానించాలి.

* రంగు మాత్రమే చూసి కత్తెర పట్టకూడదు. కొబ్బరి పీచు మరకలంటి గోధుమరంగులోకి మారిన వేళ్లు కూడా నొక్కితే గట్టిగా ఉంటాయి. వాటిని ఉంచేయాలి.

దొరలూ తిన్న దెబ్బ

ఆర్కిడ్‌ని అతిప్రేమతో చంపుకోవడం మనతో మొదలైంది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని సంపన్నులకి ఈ పూలంటే పిచ్చి పట్టుకుంది. ఉష్ణమండలం అడవుల నుంచి ఓడల మీద మొక్కలు తెప్పించుకునేవారు. వేడిదేశపు మొక్కలు కదాని గాజు గదుల్లో పెట్టి, గాలి చొరబడకుండా మూసి, పొయ్యి వెలిగించి, ఆవిరి పట్టించేవారు. ఎంతో ఖర్చుపెట్టి తెచ్చిన మొక్కలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి.

డెవన్‌షైర్‌ ఆరో డ్యూక్‌ దగ్గర చాట్స్‌వర్త్‌ తోటల్ని చూసుకునే జోసెఫ్‌ పాక్స్‌టన్‌ ఈ పద్ధతిని మార్చినవారిలో ముఖ్యుడు. తర్వాత 1851లో లండన్‌లో క్రిస్టల్‌ ప్యాలెస్‌ని రూపొందించింది కూడా ఆయనే. 1835లో డ్యూక్‌ తన తోటలో పనిచేసే జాన్‌ గిబ్సన్‌ని మొక్కల కోసం మనదేశానికి పంపాడు. గిబ్సన్‌ ఖాసీ కొండల్లో తిరిగి, ఎన్నో ఆర్కిడ్లు సేకరించి 1837లో తిరిగి వెళ్లాడు. పాక్స్‌టన్‌ వాటిని ఆవిరి గదిలో కుక్కేయలేదు. ఏ మొక్క ఎలాంటి చోటునుంచి వచ్చిందో దాన్నిబట్టి వేడినీ చల్లదనాన్నీ అమర్చాడు. గాజు గదిలోకి గాలి వచ్చేలా, కుండీలో నీళ్లు నిలవకుండా చూశాడు. మొక్కలు బతికాయి, పూశాయి.

ఆ తర్వాత కుండీలో వేసే పదార్థాలు చాలానే మారాయి. 20వ శతాబ్దంలో చాలాకాలం ఆస్ముండా అనే ఫెర్న్‌ వేళ్ల పీచు వాడారు. తర్వాత చెట్ల బెరడు ముక్కలొచ్చాయి. థాయ్‌లాండ్‌ రైతులు కొబ్బరి డొక్కల్ని ఎంచుకున్నారు. మరోపక్క 1922లో లూయీస్‌ నడ్సన్‌ అనే అమెరికా శాస్త్రవేత్త ఆర్కిడ్‌ గింజల్ని సీసాలో మొలిపించే పద్ధతి కనిపెట్టాడు. 1960లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జెస్‌ మోరెల్‌ మొక్క చిగురు కణాల నుంచి కొత్త మొక్కల్ని తయారుచేసే మార్గం చూపించాడు. ఒకప్పుడు డ్యూకులకే దక్కిన పువ్వు ఇప్పుడు మన బాల్కనీకి వచ్చిందంటే అదే కారణం. పదార్థాలు ఎన్ని మారినా సూత్రం మాత్రం మారలేదు: వేరు చుట్టూ గాలి ఉండాలి.

కుండీ ఎప్పుడు మార్చాలి?

కుండీలో వేసిన బెరడైనా కొబ్బరి డొక్కైనా కలకాలం ఉండవు. నీళ్లు పడేకొద్దీ పుచ్చి, పిండిలా మారి, సందుల్ని మూసేస్తాయి. మొదట గాలాడిన కుండీయే రెండేళ్లకి బురదగుంటలా తయారవుతుంది. కుండీ మార్చడమంటే పెద్ద కుండీలోకి పంపడం అనుకుంటారు. అసలు ఉద్దేశం అది కాదు. వేళ్ల చుట్టూ ఉన్న పాత చెత్త తీసేసి కొత్తది వేయడం. మన వేడికీ తేమకీ ఏడాదిన్నర నుంచి రెండేళ్లకోసారి ఈ పని చేయాల్సిందే. కుండీలోంచి పుల్లటి వాసన వస్తున్నా, వేలితో గుచ్చితే లోపల మెత్తగా బురదలా తగిలినా గడువు కోసం ఆగక్కర్లేదు.

పూలున్నప్పుడు మాత్రం కదపకూడదు. మొగ్గలు రాలిపోతాయి. పూలు అయిపోయాక, కొత్త పిలకలు పుట్టి వాటి మొదట్లో పచ్చటి వేరుకొసలు కనిపిస్తున్నప్పుడు మార్చడం అన్నిటికన్నా మంచిది. ఆ వేళ్లు నేరుగా కొత్త పదార్థంలోకి దిగి త్వరగా పట్టు దొరికించుకుంటాయి. తెలుగునాట డెండ్రోబియమ్‌కి తొలకరి పడి ఎండ తగ్గిన రోజులు బాగా అనువైనవి. రోహిణి కార్తె ఎండల్లో ఈ పని పెట్టుకోకూడదు. అయితే వేళ్లు కుళ్లుతున్నాయని తెలిస్తే మాత్రం ముహూర్తం చూడకుండా వెంటనే మార్చేయాలి.

బహుమతిగా వచ్చే ఫలనోప్సిస్‌ని ఓసారి ప్రత్యేకంగా చూడాలి. అందమైన పింగాణీ కుండీకి చాలాసార్లు అడుగున రంధ్రమే ఉండదు. లోపలున్న ప్లాస్టిక్‌ కుండీలో నాచు కిక్కిరిసి ఉంటుంది. వేళ్ల నడుమ, మొక్క చిన్నప్పుడు పెట్టిన చిన్న నాచు ముద్ద అలాగే ఉండిపోతుంది. పైన ఆరినట్లు కనిపించినా ఆ ముద్ద తడిగానే ఉండి, సరిగ్గా మొక్క మొదట్లోనే కుళ్లు పుట్టిస్తుంది. పూలు రాలగానే దాన్ని తీసేస్తే సగం గండం గట్టెక్కినట్లే.

కుండీలో ఏం వేయాలి?

ఖరీదైనవేమీ అక్కర్లేదు. కొబ్బరికాయ ఒలిచాక పారేసే డొక్కని అంగుళం ముక్కలుగా కోయాలి. దాంట్లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, మధ్యలో రెండు మూడుసార్లు ఆ నీళ్లు మార్చాలి. కట్టెబొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు లేదా పాత పెంకుల ముక్కలు దానికి తోడు చేయాలి. బొగ్గూ ఇటుకా పుచ్చిపోవు, సందులు మూసుకుపోకుండా చూస్తాయి. డొక్క తడిని పట్టి ఉంచుతుంది. కోస్తాలాగా గాల్లో తేమ ఎక్కువున్న చోట బొగ్గు, ఇటుక పాలు పెంచాలి. తెలంగాణ, రాయలసీమల్లోని పొడి వాతావరణంలో డొక్క పాలు పెంచుకోవచ్చు. మెత్తటి కొబ్బరి పొట్టు మాత్రం వద్దు. అది నీటిని పట్టేసి మట్టిలాగే గాలిని ఆపేస్తుంది.

వాండాకైతే ఇవీ అక్కర్లేదు. చెక్క బుట్టలోనో ప్లాస్టిక్‌ బుట్టలోనో ఉంచి వేళ్లని గాల్లోకి వదిలేస్తే చాలు. కాకపోతే రోజూ తడపాలి.

కుండీ ఎంపికలో ఆశ పనికిరాదు. వేళ్లు పట్టేంత ఉంటే చాలు. పెద్ద కుండీ అయితే నడుమ భాగం త్వరగా ఆరదు. అడుగునా పక్కలా రంధ్రాలున్న మట్టికుండీ వేళ్లకి మంచి గాలినిస్తుంది. పారదర్శక ప్లాస్టిక్‌ కుండీ అయితే వేళ్ల రంగుని చూసి నీళ్లు పోసుకోవచ్చు.

ఇలా మార్చాలి

1. ముందురోజు మొక్కకి బాగా నీళ్లు పోయాలి. తడిసిన వేళ్లు వంగుతాయి, ఎండినవి విరిగిపోతాయి.

2. కత్తెరని మంటమీద కాల్చి, చల్లారాక వాడాలి. ఒక మొక్క అయ్యాక మరో మొక్క ముట్టుకునేముందు మళ్లీ కాల్చాలి. ఆర్కిడ్లకొచ్చే వైరస్‌ తెగుళ్లు కత్తెరకి అంటిన రసం ద్వారా ఒకదాన్నుంచి మరోదానికి పాకుతాయి. వాటికి మందు లేదు.

3. కుండీ పక్కల్ని నొక్కుతూ మొక్కను బయటికి తీయాలి. మట్టికుండీకి అతుక్కున్న వేళ్లని పలచటి కత్తితో మెల్లగా విడదీయాలి. మరీ గట్టిగా పట్టుకుంటే కుండీనే పగలగొట్టడం మేలు. కుండీ మళ్లీ కొనుక్కోవచ్చు, వేరు రాదు.

4. పాత పదార్థమంతా దులిపి, వేళ్లని మంచినీళ్లతో కడగాలి. మెత్తగా, బోలుగా ఉన్నవాటిని కత్తిరించేయాలి. గట్టిగా ఉన్న ప్రతి వేరునీ ఉంచాలి. కోసిన చోట మాత్రమే కాస్త దాల్చినచెక్క పొడి అద్దొచ్చు. మంచి వేళ్లమీద చల్లితే వాటిని ఎండబెట్టేస్తుంది.

5. ఫలనోప్సిస్‌, వాండా ఒకే కాండంతో పైకి పెరుగుతాయి కాబట్టి కుండీ మధ్యలో పెట్టాలి. డెండ్రోబియమ్‌ పక్కకి పిలకలు వేస్తూ సాగుతుంది. దాని పాత గడల వైపుని కుండీ అంచుకి ఆనించి, కొత్త పిలక ఉన్నవైపు చోటు వదలాలి. మొక్కను విడదీయాలనుకుంటే ఒక్కో భాగానికి కనీసం మూడు నాలుగు గడలు ఉంచాలి.

6. ముక్కల్ని వేళ్ల సందుల్లోకి జారేలా కుండీని తడుతూ నింపాలి. మొక్క మొదలు పైకి కనిపిస్తుండాలి, పాతిపెట్టకూడదు. గాల్లో పెరిగిన వేళ్లని బలవంతంగా లోపలికి తోయక్కర్లేదు. గాలికి అలవాటుపడిన ఆ వేళ్లు లోపల కుళ్లిపోవచ్చు.

7. ఓ పుల్ల గుచ్చి మొక్కను దానికి కట్టాలి. అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసే పని ఇదే. మొక్క అటూ ఇటూ ఊగితే కొత్తగా పుట్టిన వేరుకొస ముక్కలకి రాసుకుని పాడైపోతుంది.

కుండీ మార్చాక వారం పదిరోజులు నీడలో ఉంచాలి. కోసిన గాయాలు మానడానికి నాలుగైదు రోజులు నీళ్లు పోయకుండా ఆకులమీద పొద్దున్నపూట సన్నగా చిలకరిస్తే చాలు. కొత్త వేళ్లు కనిపించేదాకా ఎరువు వేయొద్దు.

వేళ్లన్నీ పోయినా...

విప్పి చూస్తే ఒక్క వేరూ మిగల్లేదా? ఆకులు పచ్చగా, మొదలు గట్టిగా ఉంటే ఇంకా ఆశ ఉన్నట్లే. కుళ్లినదంతా కోసేసి, చిన్న కుండీలో కాస్తంత తడి నాచుమీద మొక్క మొదలు ఆనీ ఆననట్లు నిలబెట్టాలి. నీడలో, గాల్లో తేమ ఉన్న చోట ఉంచాలి. పూలకాడ ఉంటే మొహమాటపడకుండా కత్తిరించాలి. వేరు వేయాల్సిన శక్తిని పువ్వు తినేస్తుంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది. డెండ్రోబియమ్‌ అయితే పాత గడ కణుపుల దగ్గర పిల్లమొక్కలు పుట్టుకురావచ్చు. వాటికి రెండు మూడు అంగుళాల వేళ్లు వచ్చాక విడదీసి నాటుకుంటే తల్లి పోయినా వంశం నిలుస్తుంది.

నీళ్లకో లెక్క

'రోజుకోసారి', 'వారానికి రెండుసార్లు' లాంటి లెక్కలు ఆర్కిడ్‌కి నప్పవు. వేరు వెండిరంగులోకి మారినప్పుడు పోయాలి, పచ్చగా ఉన్నప్పుడు ఆగాలి. కనిపించని కుండీలో సన్నటి వెదురుపుల్ల గుచ్చి కాసేపాగి తీసి చూడాలి. పుల్ల తడిగా ఉంటే ఆ రోజుకి నీళ్లు అక్కర్లేదు. పోసినప్పుడు మాత్రం కొసరి కొసరి కాకుండా అడుగునుంచి ధారగా కారేదాకా పోయాలి. నీళ్లు దిగేటప్పుడు తాజా గాలిని కూడా లోపలికి లాక్కెళతాయి. కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే పారబోయాలి. ఎప్పుడూ పొద్దున్నే పోస్తే రాత్రికల్లా ఆరిపోతుంది. ఫలనోప్సిస్‌ ఆకుల నడుమ నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది కాబట్టి దూదితో అద్దేయాలి.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో వానాకాలం పట్టిన చూరునీళ్లు ఆర్కిడ్‌కి అమృతం. అవి లేనప్పుడు నెలకోసారైనా మంచినీళ్లతో కుండీని రెండు మూడుసార్లు కడిగినట్లుగా తడిపితే పేరుకున్న ఉప్పు పోతుంది. ఎరువు ప్యాకెట్‌మీద రాసిన మోతాదులో పావు వంతు కలిపి వారానికోసారి, తడి వేళ్లమీద మాత్రమే పోయాలి.

కొనేముందు కిందికి చూడండి

నర్సరీలో అందరి కళ్లూ పూలమీదే ఉంటాయి. మొక్క ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పేది మాత్రం కుండీ. గట్టి వేళ్లు, కనీసం ఒక పచ్చటి కొస కనిపించే మొక్కనే ఎంచుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి డెండ్రోబియమ్‌ మంచిది. పెళ్లి మండపాల అలంకరణలో కనిపించే ఊదారంగు పూల రకమే ఇది. మన ఎండల్ని తట్టుకుంటుంది. ఉదయపు ఎండ తగిలే బాల్కనీ, మధ్యాహ్నం కాస్త నీడ, ఎప్పుడూ గాలి ఆడటం దానికి చాలు.

అరకు వైపు వెళ్లినప్పుడు చెట్టుమీది ఆర్కిడ్‌ని పీకి తెచ్చుకోవడం మాత్రం వద్దు. బెరడుకి కరుచుకున్న వేళ్లు తెగకుండా అది ఊడిరాదు. తెగిన వేళ్లతో ఇంటికొచ్చి బతకడమూ కష్టమే. పైగా అడవి ఆర్కిడ్ల వ్యాపారంమీద అంతర్జాతీయంగా ఆంక్షలున్నాయి. వీటిమీద పరిశోధనకే సిక్కింలోని పాక్యోంగ్‌లో 1996 నుంచి జాతీయ కేంద్రం పనిచేస్తోంది. అడవిదాన్ని అడవికి వదిలేసి, నర్సరీలో పెంచినదాన్ని కొనుక్కోవడమే అందరికీ మంచిది.

కుండీ మార్చిన మర్నాటి నుంచే మొగ్గ కోసం వెతుక్కోవద్దు. మూడు నాలుగు వారాలు పోయాక మొక్క మొదట్లోకి ఓసారి వంగి చూడాలి. అక్కడ గోరంత పచ్చటి వేరుకొస తొంగిచూస్తుంటే మొక్క మీ ఇంటిని తనదనుకున్నట్లే. పువ్వుదేముంది... వేరు కుదిరాక తన కాలం వచ్చినప్పుడు అదే వస్తుంది!